మరియమ్మ ఇంటి తెల్లదారాలు

రఘునాథ్ సారుకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లంతా చేరి సన్మానం చేస్తున్నారు, ఒక సంచిక కూడా వేస్తున్నారు. బస్తీల గురించి, ఇళ్ల గురించి ఆయన పాఠం చెప్పే పద్ధతి మీద నన్ను రాయమన్నారు. "మీకంటే బాగా ఎవరు రాస్తారు మేడం? ఆ పద్ధతిని రిటైరయ్యేదాకా భుజాన మోసింది మీరే కదా" అన్నాడు ఫోన్ చేసిన కుర్ర లెక్చరర్. నిజమే, మోశాను. బరువని కాదు, దేవుడి పల్లకీ అనుకుని మోశాను. అందుకే ఆ రోజు సరేనన్నాను. వాళ్లు రాయమన్నది ఇదే. అచ్చు వేసుకుంటారో, చింపి పొయ్యిలో పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం.

ఈ వానాకాలంలో మా అవ్వ పోయింది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. పెద్ద వయసులో, ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది కాబట్టి చూడవచ్చినవాళ్లంతా అదృష్టవంతురాలన్నారు. దినాలు అయిపోయాక ఆమె నడుముకు దోపుకునే గుడ్డసంచి విప్పాను. ఎండిపోయిన వక్కలు, సున్నం డబ్బీ, ఇంత పొగాకు, వాటన్నింటి అడుగున ఒక ఇత్తడి తాళంచెవి. మా మరదలు ఇంట్లో ఉన్న తాళాలన్నింటికీ పెట్టి చూసింది. దేనికీ పట్టలేదు. "పాత సామాన్ల ఏద్దామా వదినా?" అంది. ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. అది ఎక్కడిదో నాకు చూడగానే తెలిసింది. దాని తల దగ్గర నల్లదారం ముడి ఇంకా అలాగే ఉంది. అది మరియమ్మ ఇంటి తాళంచెవి. మరియమ్మ పేరెత్తితే చాలు, మూతి తిప్పుకుని "గా మనిషి ముచ్చట నా ముంగట తియ్యకు" అనే మా అవ్వ, ఆ చెవిని మాత్రం ఇన్నేళ్లూ ఒంటి మీదే ఉంచుకుంది. ఆ పూట చాలాసేపు ఏడ్చాను. అవ్వ పోయినందుకే ఏడుస్తున్నానని మరదలు అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

బోధన్ దాటి కోటగిరి పోయే దారిలో అప్పట్లో ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. పేరు చెప్పినా ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మా బాపు అందులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పనివాళ్లకు కట్టిచ్చిన ఇళ్లను మేం లైన్లు అనేవాళ్లం. ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్లు, మధ్యలో చెరుకు బండి పట్టేంత వాకిలి. ఒక్కో ఇంటికి ఒక అర్ర, అంటే ఒకటే గది, దాని ముందు వసారా, అంతే. చెరుకు ఆడే కాలమంతా ఉడికే రసం వాసన. మొదటి రోజు నోరూరుతుంది, వారం పోయాక పప్పులో కూడా అదే వాసన వస్తుంటే కంచం పక్కకు తోసేస్తాం. ఆ వాసనకు తోడు మసి. పొగగొట్టం నుంచి నల్లటి రేకులు రాలి ఆరేసిన బట్టల మీద పడేవి. గాలి మళ్లిందని ముందు ఎవరు చూస్తే వాళ్లు "మసీ" అని కేకపెట్టేవాళ్లు. ఆ కేక వినగానే చేతిలో పని వదిలేసి, ఏ తీగ దగ్గరగా ఉంటే ఆ తీగ మీది బట్టలు లాగేసేవాళ్లు. పొద్దు వాలాక అన్నీ ఒక మంచం మీద కుప్పపోసి ఎవరివి వాళ్లు ఏరుకునేవాళ్లు. ఏరుకున్నా తప్పులు పడేవి. మా బాపు బనీన్లు ఎదురింటి అన్న ఒంటి మీద నేను చాలాసార్లు చూశాను. బాపు కూడా చూసేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు, ఎందుకంటే ఆయన ఒంటి మీద ఉన్నది ఎవరిదో ఆయనకూ తెలియదు.

పక్కిల్లే మరియమ్మది. మెథడిస్టు చర్చికి పోయేవాళ్లు. ఆమె పెనిమిటి ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర ఉండేవాడు. ఆమె మా అవ్వతో కలిసి పసుపు తవ్వడానికి, వరినాట్లకు కూలికి పోయేది. అవ్వ కంటే కొంచెం పెద్ద కాబట్టి అవ్వకు మరియక్క, నాకు పెద్దవ్వ. తాళం కొంటే రెండు చెవులు వస్తాయి కదా. మా లైన్లలో ఆ రెండో చెవిని చుట్టాలకు కాదు, పక్కింటివాళ్లకు ఇచ్చేవాళ్లు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి గానీ, బడి నుంచి వచ్చిన పిల్ల గానీ పక్కింటి గడపలో చెయ్యి చాపితే తన ఇంటి తాళంచెవి దొరకాలి. తన చెవితో కలిసిపోకుండా మరియమ్మ ఇంటి చెవికి అవ్వ నల్లదారం కట్టుకుంది. మరియమ్మ మా ఇంటి చెవిని మెడలో వేసుకునేది.

ఇంకొకటి పెరుగు తోడు. మా ఇళ్లలో దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు. లక్ష్మి గడప దాటిపోతుందని నమ్మకం. అయితే పాలు కాగి గోరువెచ్చనయ్యేది దీపాలు పెట్టాకే, పిల్లలు పెరుగు గిన్నె నాకేశారని తెలిసేదీ అప్పుడే. మరియమ్మకు ఆ పట్టింపు లేదు. "మా ప్రభువుకు పొద్దుగాల, మాపు అని లేదు. దా, గిన్నె పట్టు" అని నవ్వేది. అందుకని పొద్దు గూకాక రెండు వరసల ఆడవాళ్లూ కొంగు చాటున గిన్నెలు పట్టుకుని ఆమె గడప దగ్గరికే చేరేవాళ్లు. తోడు కోసం వచ్చినవాళ్లు తోడు తీసుకుని పోతారా! ఎవరి మొగుడు తాగి వచ్చాడో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఏ సూపర్‌వైజరు ఎవరి హాజరు కొట్టేశాడో అంతా అక్కడే. మగవాళ్లు యూనియన్ మీటింగుల్లో గొంతులు చించుకునేవాళ్లు. మర్నాడు వాళ్లు ఏ మాట మీద నిలబడతారన్నది మాత్రం ముందు రోజు సాయంత్రమే మరియమ్మ గడప ముందు తేలిపోయేది. ఈ సంగతి లైన్లలో తెలియనిది ఆ మగవాళ్లకే.

నేను డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి పీజీలో చేరాను. మిగతా సార్లు నోట్సు చెప్పి రాయించేవాళ్లు. రఘునాథ్ సారు మొదటి రోజే క్లాసుకు వచ్చి, "కొలత టేపులు, కాగితాలు బెంచీల మీద వదిలేసి నా వెంట రండి" అన్నారు. గంజ్ వెనక ఒక గల్లీలోకి తీసుకుపోయి ఒక ఇంటి ముందు ఆపారు. "గోడలు ఎవరైనా కొలుస్తారు. ముందు లోపలికి వెళ్లి మంచినీళ్లు అడగండి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చారో చూడండి. మళ్లీ వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దామె మధ్యాహ్నం పూట ఎక్కడ నడుం వాలుస్తుందో అడగండి. వాళ్లు మిమ్మల్ని కూర్చోమని చెప్పకుండానే మీరు కూర్చోగలిగిన రోజున కాగితం తీయండి" అన్నారు. ఆయన లెక్క ప్రకారం ఇల్లు గోడతో అయిపోదు. ఆ ఇల్లాలు అడగకుండా ఎంతదూరం చెయ్యి చాపగలదో అంతదూరం ఆమె ఇల్లే. బస్తీని కట్టేవాడికి గానీ కూల్చేవాడికి గానీ ఇది తెలియదని, తెలియాలని, అది చెప్పడానికే మీరు చదువుకుంటున్నారని ఆయన అంటుంటే మాకు ఒళ్లు గగుర్పొడిచేది.

ఆ క్లాసులో నాకు సిగ్గు ఎక్కువ. మిగతావాళ్లంతా నిజామాబాద్ టౌను పిల్లలు, డాబా ఇళ్ల పిల్లలు. ఎవరి ఇంటి బొమ్మ వాళ్లు గీయమన్నప్పుడు వాళ్లంతా హాలు, దేవుడి గది, మేడ మెట్లు గీశారు. నేను ఒక్క అర్ర గీసి, దాన్ని మోచేత్తో కప్పుకుని కూర్చున్నాను. సారు వచ్చి మోచెయ్యి తీయించారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నారు. చెప్పాను. బట్టలు ఎవరు తీస్తారన్నారు. చెప్పాను. అన్నీ విని, అందరికీ వినబడేటట్టు, "సుజాతా, ఈ క్లాసులో అందరికంటే పెద్ద ఇల్లు నీదమ్మా" అన్నారు. ఇరవై ఏళ్లు దాటినదాన్ని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. నా పుట్టింటిని నాకు గొప్పగా చూపించిన మొదటి మనిషి ఆయన. ఆయన ఆ రోజు బావిలో దూకమంటే ఎంత లోతుందని కూడా అడిగేదాన్ని కాదు.

ఆ ఏడు మా చదువుకు మా లైన్లనే తీసుకుందామన్నారు. క్లాసంతా బోధన్ బస్సెక్కి వచ్చింది. సారు చెప్పులు వాకిట్లోనే విడిచి, మా వసారాలో నేల మీద కూర్చుని, పైకి చూస్తూ కప్పు గురించి అడుగుతున్నారు. అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన బాపు మసి మొహంతో నిలబడి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఏం సార్, ముందుగాల మా ఇంట్ల రొట్టె తినుండ్రి. తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడు అంటరు గద, తినకుంటనే లెక్కవెడితే ఎట్ల?"

అందరం పగలబడి నవ్వాం. సారు కూడా నవ్వారు. అవ్వకు మాత్రం కొంచెం భయం.

"ఏం బిడ్డా, మన ఇల్లు సూసి గీ సారు ఏంజేస్తడు?" అని నన్ను చాటుకు పిలిచి అడిగింది.

"ఏం చెయ్యడే అవ్వా. మాకు చదువు చెప్తడు."

"గంతేనా?"

"గంతేనే."

పక్క గడపలోంచి మరియమ్మ విన్నది. "నీ బిడ్డ తోల్కొచ్చిన సారు గదనే గంగా, మనోడే. గట్ల భయపడ్తవేంది?" అంటూ జొన్నరొట్టె మీదికి తన ఇంటి పెరుగు తెచ్చి సారు కంచంలో గడ్డగా వేసింది. ఆయన వేళ్లు నాకుతూ తిన్నారు. ఆ తర్వాత ఆ లైన్లలో మాకు మూయని తలుపు లేదు. ఎవరు ఎవరితో మాట్లాడరో, ఎవరు ఎవరి పిల్లను సాకారో, ఏ ఇద్దరు తోడికోడళ్లు బయటికి కొట్లాడుకుంటూ లోపల ఒకే కుండలో వండుకుంటారో, అన్నీ చెప్పేశారు. అడిగింది మేం. నేను ఆ లైన్ల పిల్లను కాబట్టి నన్ను ముందు నిలబెట్టి అడిగించింది సారు.

క్లాసుకు వచ్చాక పెద్ద అట్ట మీద రెండు వరసల ఇళ్లూ గీశాం. ఒక్కో ఇంటికి ఒక గుండుసూది. అక్కడి నుంచి దారాలు. తాళంచెవి ఇచ్చిపుచ్చుకునే ఇళ్ల మధ్య నల్లదారం. అది మా అవ్వ చెవికి కట్టిన దారం చూసి నేను చెప్పిన ఉపాయమే. పొయ్యి నిప్పు పంచుకునే ఇళ్ల మధ్య ఎర్రది. పెరుగు తోడుకు తెల్లది.  ముళ్లన్నీ వేశాక చూస్తే తెల్లదారాలన్నీ రెండు వరసల నుంచీ వచ్చి ఒకే గుండుసూది మీద పడ్డాయి. ఆ సూది దారాల కింద కనబడకుండా పోయింది. సారు దాని మీద వేలు పెట్టి, "ఈ ఊరికి నడిబొడ్డు ఇదమ్మా. దీన్ని తీసేస్తే ఇక్కడ ఊరు లేదు" అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు ఎంత అందంగా వినబడిందో చెప్పలేను. మరియమ్మతో చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా పెరుగు గిన్నెకు గంత మర్యాదనా!" అంది.

తర్వాత కొన్నాళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. నేను అప్పటికి ఉద్యోగం మీద వేరే జిల్లాలో ఉన్నాను. లైన్లు ఖాళీ చేయాలని, బదులుగా ఇళ్లజాగలు ఇస్తామని సర్కారు ఆఫీసువాళ్లు చెప్పారు. మావాళ్లు జాగలు వద్దనలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే. "పోతే అందరం ఒక్క తానకే పోతం. గిదే వరసల, గిట్లనే ఎదురెదురుంగ ఇయ్యుండ్రి." చెరుకు లేని ఫ్యాక్టరీ ముందు, మసి రాలని ఆ వాకిట్లో, నెలల తరబడి ఆ మాట మీదే కూర్చున్నారు. ఎవరు వచ్చి నచ్చజెప్పినా లేవలేదు. నాకు గర్వంగా ఉండేది. సారుకు ఉత్తరం కూడా రాశాను, మీరు చెప్పిన ఇల్లు ఎంత పెద్దదో ఇప్పుడు చూడండి సార్ అని.

ఒకరోజు అవ్వ పసుపు ఉడకబెట్టే కూలికి పోయి పొద్దుమూకే వేళకు తిరిగి వచ్చేసరికి మరియమ్మ ఇంటికి తాళం ఉంది. ఎక్కడికో పోయిందనుకుని, తన దగ్గరున్న చెవితో తీసి చూస్తే లోపల ఏమీ లేదు. పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి. పగలు లారీ వచ్చిందని, సామాను వేసుకుని పోయారని, ఇందల్వాయి వైపు మూలజాగ ఇచ్చారని ఎదురింటివాళ్లు చెప్పారు. "మీ మరియమ్మే సంతకం పెట్టింది, ఇంక మీరు దేనికి కూర్చున్నరు?" అని మర్నాడు ఆఫీసువాళ్లు వచ్చి అడిగారట. ఆ సాయంత్రం తోడుకు ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు తలుపులు వేసుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పోయి సంతకాలు పెట్టారు. ఎదురింటి అన్నవాళ్లను మెండోర వైపు వేశారు. మా అవ్వకు నిజామాబాద్ శివారులో జాగ వచ్చింది. అటూ ఇటూ తెలిసినవాళ్లు ఒక్కరు లేరు. బాపు ఆ కొత్త ఇంట్లో ఎక్కువ కాలం బతకలేదు. ఉన్నంతకాలం బనీను వేసుకునేముందు ఒకసారి తిప్పి చూసుకుని, అది తనదేనని నిరాశపడేవాడు.

"మరియక్క చేసిన పని పగోడు గూడ చెయ్యడు" అనేది అవ్వ. ఆ ఒక్క మాటే, ఏడాదికోసారి తవ్వుకుని, మళ్లీ పూడ్చుకునేది. కొత్త ఇంట్లో ఆమె ఎవరినీ తోడు అడగలేదు. ఎండుమిరపకాయ తొడిమలు పాలల్లో వేసి తోడు పెట్టుకునేది. ఆ పెరుగు ఒకరోజు తోడుకునేది, ఒకరోజు జిగటగా సాగేది. అలాగే తినేది. పక్కింటికి తాళంచెవి ఇవ్వమంటే, "ఇచ్చి సూసిన గద" అనేది. నేను అప్పుడు సారు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "ఎంత గట్టి ముడికైనా ఒక వదులు ఉంటుందమ్మా. పేదరికం అలాంటిది. ఆ మరియమ్మను తిట్టుకోకు" అన్నారు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఇంటికి వచ్చి అవ్వకు కూడా అదే చెప్పాను, తిట్టుకోకే అవ్వా, సారు కూడా తిట్టుకోవద్దన్నడు అని. అంటే తప్పు మరియమ్మదేనని సారే చెప్పినట్టయింది. అవ్వకు ఇంక అనుమానం లేకుండా పోయింది.

అప్పటి నుంచి నేను కూడా పాఠాలు చెప్పాను. టేపు బెంచీ మీద పెట్టించాను. మంచినీళ్లు అడిగించాను. ఎన్ని బస్తీల్లో ఎన్ని గడపల్లో నా విద్యార్థులను కూర్చోబెట్టానో, ఎన్ని అట్టల మీద దారాలు కట్టించానో. ప్రతి ఏడూ మొదటి క్లాసులో సారు పేరు చెప్పి రెండు చేతులూ జోడించేదాన్ని. ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్లో తలుపుకు తాళంచెవే లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఎదురు ఫ్లాటు ఆమె పేరు నాకు ఆమె పార్సిలు పొరపాటున మా గుమ్మం ముందు పెట్టినప్పుడు తెలిసింది. పెరుగు ప్యాకెట్లో వస్తుంది. ఇవన్నీ కాలం చేసిన పనులని క్లాసులో చెప్పేదాన్ని. కాలానికి చేతులుండవు కాబట్టి దాని మీద వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

సంచికకు రాసేముందు ఒకసారి సారును కలిసి మాట్లాడదామని పోయిన నెల వాళ్ల ఇంటికి వెళ్లాను. తాళంచెవి నా సంచిలోనే ఉంది, ఆయనకు చూపించాలని, ఆ నల్లదారం గుర్తుందా సార్ అని అడగాలని. మనిషి వంగిపోయారు గానీ గొంతు అదే. కాఫీ తెప్పించారు. ఏం రాయమంటారు సార్ అన్నాను.

"క్లాసులో చెప్పింది క్లాసులోనే ఆగిపోలేదని రాయమ్మా. మీ లైన్ల సంగతి రాయి. నా బతుకులో నేను పనికొచ్చిన పని అదొక్కటే."

"మా లైన్లలో మీరేం చేశారు సార్?"

"వాళ్లంతా ఒక్క మాట మీద కూర్చున్నారు కదా. పోలీసులను పెట్టి లేపుదామన్నారు ఆఫీసువాళ్లు. సలహాకు నన్ను పిలిచారు. నేను ససేమిరా వద్దన్నాను. మన అట్ట తీసుకెళ్లి ముందు పెట్టాను. తెల్లదారాలన్నీ ఎక్కడికి పోతున్నాయో చూడండి, ఈ ఒక్క ఇంటిని ముందు పంపండి, దూరం పంపండి, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే లేస్తారన్నాను. నల్లదారం ఉన్న ఇళ్లు రెండు ఒకచోట వేయొద్దన్నాను. ఒక్క లాఠీ లేవలేదమ్మా. ఒక్క తల పగల్లేదు."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. "ఆమెకు ఏం చెప్పి పంపారు సార్?"

"వెనకే మీవాళ్లంతా వస్తున్నారని చెప్పారనుకుంటాను. అవన్నీ కిందివాళ్లు చూసుకుంటారు కదా." ఆయన మొహంలో దాపరికం ఏమీ లేదు. నాకు కోపం వస్తుందన్న ఆలోచన కూడా ఆయనకు ఉన్నట్టు లేదు. అందరికీ పట్టాలు వచ్చాయి కదా అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని, "ఆ పెరుగు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. మీ అమ్మగారి చెయ్యి అమృతం" అన్నారు.

"అది మా అవ్వ పెరుగు కాదు సార్."

"అలాగా" అన్నారు.

నమ్మించి గొంతు కోయడమంటారు. కోసినవాడు కోశానని తెలిసి పారిపోతే కొంత నయం. ఈయన ఆ కత్తి గురించి నన్ను వ్యాసం రాయమంటున్నారు. వాసాల గురించి మా బాపు నవ్వుతూ అన్న మాట మెట్లు దిగుతుంటే చెవిలో పడింది. నవ్వుతూనే అన్నాడు, పిచ్చి బాపు. ఇంకో భయం కూడా ఆ మెట్ల మీదే పట్టుకుంది. నా చేత్తో నేను కట్టించిన దారాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ ఆఫీసులో ఎవరు వేలు పెట్టి చూస్తున్నారో నాకు తెలియదు. నేర్పిన విద్య తప్పు కాదు. ఇల్లు ఎంతవరకు ఉందో ఆయన చెప్పింది ఈనాటికీ నిజమే. ఆ నిజంతోనే కొట్టాడు, అందుకే దెబ్బ సరిగ్గా తగిలింది.

అవ్వకు చెప్పే అవకాశం లేకుండా పోయింది. మిగిలింది మరియమ్మ. వారం తిరక్కుండా ఇందల్వాయి బస్సెక్కాను. హైవే పక్కన కాలనీ. అడిగితే చూపించారు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, ఎముకల గూడు, పైన తెల్లచీర. ఎవరు బిడ్డా అంది. గంగవ్వ బిడ్డను పెద్దవ్వా, సుజాతను అన్నాను. ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"గంగ మంచిగున్నదా?"

"పోయింది పెద్దవ్వా, వానకాలంల."

"నాకు ఎవ్వలు జెప్పలే" అంది. మాకు ఆ ఆలోచనే రాలేదు. నేను తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాను. కళ్లు సరిగా ఆనవేమో, వేళ్లతో తడిమింది. దారం ముడి దగ్గర వేళ్లు ఆగాయి. నేను మొత్తం చెప్పాను. అట్ట సంగతి, దారాల సంగతి, సారు వేలు పెట్టి చూపించిన సంగతి, అవ్వ చచ్చేదాకా ఏమనుకుందో ఆ సంగతి. కోడలు వచ్చి తలుపు దగ్గర నిలబడి వింటోంది.  అంతా అయ్యాక మరియమ్మ పక్క ఇంటి వైపు చెయ్యి చూపించింది.

"గా జాగ మీ అవ్వది అని చెప్పిండ్రు నాకు. సున్నం గీసి చూపెట్టిండ్రు. రేపోమాపో గంగ వస్తది, నువ్వు నడువ్ అన్నరు. మీ అవ్వకు చెప్పి పోత అంటె, పసుపు కాడికి పోయి మేమే చెప్తం అన్నరు. వచ్చినంక రోజు గా జాగ ఊడ్చిన బిడ్డా. కంప మొలిస్తె పీకిన. పాము తిరిగితె ఆయనతోని కొట్టించిన. గంగ వచ్చేటాలకు మంచిగుండాలె అని. ఓ దినం ఎవలో వచ్చి పునాది తవ్విండ్రు. గప్పుడు బంద్ చేసిన ఊడ్చుడు."

"అవ్వను ఏమనుకున్నవు పెద్దవ్వా?"

"ఏమనుకుంట? బిడ్డ సారు కాడ సదివింది, పట్నం కాడ జాగ తీస్కున్నది, నన్ను గీడ పారేసింది అనుకున్న." ఖాళీ మెడ మీద చెయ్యి పెట్టుకుంది. "మీ ఇంటి చెవి నా మెడల ఉండె. బాయిల ఏసిన."

అదంతా సారు చేసిందే పెద్దవ్వా అన్నాను. నాకే వినబడేంత బలహీనంగా అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"సారు ఎవలు బిడ్డా మాకు? సారును సూసి తలుపు తీసినమా? నువ్వు ముంగట నిలవడ్డవని తీసినం."

 నన్నూ మోసం చేశాడు పెద్దవ్వా అని అనొచ్చు, అది నిజమే. కానీ రోజూ ఎవరిదో ఖాళీ జాగను ఊడ్చిన మనిషి ముందు ఆ నిజం నోట్లోంచి రాలేదు. ఆమె తాళంచెవిని కొంగుతో తుడిచి నడుములో దోపుకుంది. పొద్దు గూకింది. కోడలు లోపలికి పోయి లైట్లు వేసి వచ్చింది. ఇంటి లోపలి నుంచి కాగిన పాల వాసన వచ్చింది. నాకు ఏం తోచిందో, సంచిలోంచి పొద్దున అన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బా తీశాను. కడిగే ఉంది.

"పెద్దవ్వా, జర తోడు ఇస్తవా? ఇంటికి తీస్కపోత."

కోడలు నవ్వి, దానిదేముంది అన్నట్టు డబ్బా కోసం చెయ్యి చాపింది. మరియమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. దీపాలు వెట్టినం గద" అంది కోడలితో. తర్వాత నాతో, "గిప్పుడు తోడు ఇయ్యరు బిడ్డా" అంది.